ఎర్ర చుక్క పెట్టిన దొరసాని

మా సోషల్ టీచరుగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను దర్శిలో మైకు ముందున్నాను. జేబులో ఫోను మూడుసార్లు వణికింది. తీయలేదు. కౌలు రైతుల గురించి మాట్లాడుతుంటే ఫోన్లు చూసుకునేవాళ్ళని సభల్లో తిట్టేది నేనే. దిగి చూస్తే ప్రత్తిపాడు నుంచి ఎరువుల కొట్టాయన. ఆయన కొట్టు పైనున్న రెండు గదుల్లోనే టీచరుగారు ఇరవై ఏళ్ళుగా అద్దెకుంటున్నారు.

"మీ టీచరమ్మగారు పోయారండి," అన్నాడాయన. "పొద్దున వేసిన పాల ప్యాకెట్టు మధ్యాహ్నం దాకా తలుపు దగ్గరే ఉంది. ఎవరం చూసుకోలేదు. రాత్రే పోయారో, తెల్లారాక పోయారో తెలీదండి. పంచాయతీ ఆఫీసులో టైము అడుగుతున్నారు. ఏం రాయించమంటారు?"

"తెలీదని రాయించండి."

"అట్టా రాయరంటండి. ఏదో ఒకటి చెప్పమంటున్నారు."

గంటసేపు ఆగకుండా మాట్లాడి దిగినవాణ్ణి, మళ్ళీ చేస్తానని ఫోను పెట్టేశాను.

ఆ చుట్టుపక్కల నా ఈడువాళ్ళలో సగం మందికి ఆమే చదువు చెప్పారు. హాజరు పిలవడంలో ఆమెది ఒక పద్ధతి. మిగతా మాస్టర్లు నంబర్లు పిలిచేవారు. ఆమె ఇంటిపేరుతో సహా పేరు పిలిచి, మొహం కనబడేదాకా ఆగేవారు. "నంబరు పిలిస్తే గొంతు పలుకుద్దిరా. పేరు పిలిస్తే తల లేస్తుంది," అనేవారు. రానివాళ్ళకి ఎర్ర సిరాతో చుక్క. ఆ చుక్కని ఆమె పట్టీలో వదిలేసేవారు కాదు. పత్తి తీతలప్పుడు మా క్లాసులో ఆడపిల్లల వరసలన్నీ చుక్కలే. బడి వదిలాక గట్ల మీద నడిచి వెళ్ళి, చేలో నిలబడి, పట్టీ తెరిచి పేర్లు పిలిచేవారు. పత్తి మొక్కల మధ్య నుంచి ఒక్కొక్క తలే పైకి లేచేది.

నేనొకసారి కిటికీ పక్క బెంచీకి మారి కూర్చున్నాను. ఆమె నా పేరు పిలిచినప్పుడు బయటికి చూస్తూ పలకలేదు. నా పాత చోటు వంక చూసి, చుక్క పెట్టేశారు. సాయంత్రం మా ఇంటికి వచ్చారు.

"నేనొచ్చాను టీచర్. కిటికీ దగ్గర కూర్చున్నా."

"బెంచీ మారినవాడు చెప్పాలా వద్దా? నిన్ను ఊరంతా వెతకమంటావా?"

చుక్క మాత్రం చెరపలేదు. చెరిపితే పట్టీ అబద్ధమవుతుందట. పక్కన చిన్నగా 'ఉన్నాడు' అని రాశారు.

ఇక దొరసానుల సంగతి. రిటైరవడానికి ముందు ఏడాది ఆమె పిల్లల్ని వేటపాలెం తీసుకెళ్ళారు, జీడిపప్పు ఎలా ఒలుస్తారో చూపించడానికి. అక్కడొక కొట్లో పొట్లాలు కట్టేందుకు తెచ్చిన పాత కాగితాల్లో అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఆమె కంటపడింది. యూరప్‌లో ఎక్కడో ఒక డచీ. మన జిల్లా అంత ఉంటుందేమో. దాన్ని ఏలేవాడు డ్యూకు, అతని భార్య డచెస్. కొన్ని వందల ఏళ్ళ పాటు దాన్ని ఏలిన కుటుంబాల వంశావళి ఆ పుస్తకం. పేజీ నిండా డ్యూకులు, వాళ్ళ యుద్ధాలు, వాళ్ళ గుర్రాలు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో భార్యలు.

టీచరుగారు డ్యూకుల్ని వదిలేసి ఆ చీమ తలకాయల్ని ఏరడం మొదలుపెట్టారు. స్టేషనరీ కొట్లో కొత్త హాజరు పట్టీ కొని, పిల్లల పేర్లుండాల్సిన చోట దొరసానుల పేర్లు రాశారు. వరసకొక దొరసాని. ఎదురుగా గడులు: పుట్టుక, పుట్టింటివారు, పెళ్ళి, డచెస్ అయిన రోజు, డచెస్ కాకుండా పోయిన రోజు, మరణం. దొరకని వివరానికి ఎర్ర చుక్క. రిటైరయ్యాక ఇంకో ఇరవై ఏళ్ళు ఆమె చేసిన ఉద్యోగం ఇదీ.

మీరు అడుగుతారు, నాకు తెలుసు. మిర్చి ధర పడిపోయి రైతు పంటని కల్లంలోనే వదిలేసి వెళ్ళిపోతున్న నేల మీద, ఎవరో తెల్లవాళ్ళ రాణివాసం లెక్క మనకెందుకని. నేనూ అదే అడిగాను. ఇరవై ఏళ్ళు అడిగాను. పేపర్లో ఒక వ్యాసం కూడా రాశాను, 'కొందరు విశ్రాంత విద్యావంతుల కాలక్షేపం' అంటూ. పేరు పెట్టలేదు. ఆమె మటుకు చదివి, కత్తిరించి, పట్టీలో దాచుకున్నారు. "బాగా రాశావురా. నన్ను తప్ప అందర్నీ బాగా తిట్టావు," అన్నారు.

నా వాదనలో తప్పుందని ఇప్పటికీ అనుకోను. ఆ దొరసానుల పట్టుబట్టలు అక్కడి రైతుల చెమటే. ఈ మాట ఆమెతో అంటే, "ఔను," అనేవారు. వాదించేవాళ్ళకి ఇంతకంటే కష్టం లేదు. ఔనని, పట్టీ తిప్పి, వేలు ఆ ఐదో గడి మీద పెట్టేవారు. డచెస్ కాకుండా పోయిన రోజు. చాలా వరసల్లో అక్కడ రెండే మాటలు: భర్త మరణం.

"చూడరా మైకూ. ఆవిడ బతికే ఉంది. తింటానే ఉంది, తిరుగుతానే ఉంది. మొగుడు పోయిన పూటే ఉద్యోగం ఊడింది."

మైకు నేనే. మెట్లెక్కుతున్న నా చెప్పుల చప్పుడు వినగానే లోపల్నుంచి, "వచ్చాడమ్మా మైకు," అనేవారు. లోపల ఇంకెవరూ ఉండేవారు కాదు. ఆ అమ్మ ఎవరో నేనెప్పుడూ అడగలేదు. గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకటి ఆమెది, రెండోదాని మీద పట్టీ ఉండేది. ఎవరైనా వస్తే దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని, "కూర్చో, దొరసానులు లేచి చోటిచ్చారు," అనేవారు. కింద కొట్లోంచి పురుగుమందు వాసన నేల పగుళ్ళలోంచి పైకొచ్చేది. నాకు పది నిమిషాల్లో తల నొప్పొచ్చేది. ఆమె ఆ వాసనలో ఇరవై ఏళ్ళున్నారు.

పెళ్ళయిన రెండో ఏడే ఆమె భర్త పోయాడు. చీరాల వైపు పొగాకు కంపెనీలో గుమస్తా, ఇరవై మూడేళ్ళవాడు. ఆమె ఆ తర్వాత చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, ఒక్కరే ఉండిపోయారు. నాకు తెలిసిందింతే. ఆడవాళ్ళ హక్కుల మీద వందల సభల్లో మాట్లాడినవాణ్ణి, మళ్ళీ పెళ్ళి మాట ఎవరైనా ఎత్తారా టీచర్ అని ఒక్కసారి అడగలేదు.

రిటైరైనప్పుడు పెన్షన్ ఆఫీసువాళ్ళు ఆమెని రెండు నెలలు తిప్పారు. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, సర్వీసు పుస్తకంలో అత్తింటి ఇంటిపేరు. ఈ ఇద్దరూ ఒకరేనని ఎమ్మార్వో ఆఫీసు నుంచి కాగితం తెమ్మన్నారు. తెచ్చారు. ఆ కాగితం జిరాక్సు పట్టీ మొదటి పేజీకి అంటించుకున్నారు. "నేను ఇద్దర్ని కాదని సర్కారు సంతకం పెట్టిందిరా. ఇక భయం లేదు," అని నవ్వారు. నేను ఆఫీసుల మీద ఉపన్యాసం ఇచ్చాను.

ఆ పట్టీలో ఆమెని బాగా బాధపెట్టింది పదిహేడో వరస. మార్గరెట్ అనే దొరసాని. ఆ వంశంలో ప్రతి ముగ్గురిలో ఒకరు మార్గరెట్టే. ఈమెకి పుట్టుక ఉంది, పుట్టింటివారు ఉన్నారు, పెళ్ళి ఉంది. డచెస్ కాకుండా పోయిన రోజు ఉంది: భర్త మరణం. అప్పటికి ఆమెకి ఇరవై ఒకటి. తర్వాత గడిలో ఎర్ర చుక్క. ఎప్పుడు పోయిందో, ఎక్కడ పోయిందో, పుస్తకంలో ఒక్క ముక్క లేదు. చుక్కలు వేరే వరసల్లోనూ ఉన్నాయి. పంతొమ్మిదో వరసలో ఇంకో మార్గరెట్‌కి పుట్టుక గడిలో చుక్క ఉంది. కానీ టీచరుగారు అడిగేది ఎప్పుడూ పదిహేడే.

"మొగుడు పోయాక ఆవిడ గురించి రాయడం మానేశారు. పిల్లల్లేరు. ఎవరికి కావాలి? ఎక్కడో ఒక గదిలో ఉండి ఉంటుంది. ఎన్నేళ్ళుందో ఆ గదిలో, పాపం."

కొట్టు వెనక ఖాళీ జాగాలో ఏటా మిరప కల్లం వేస్తారు. ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయల్ని ఏరడానికి ఆడవాళ్ళ ముఠా వస్తుంది. వాళ్ళ మేస్త్రి రత్తమ్మ. సాయంత్రం పూట టీచరుగారు కుర్చీ దింపించుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, వాళ్ళకి దొరసానుల కథలు చెప్పేవారు. నేను కళ్ళారా చూశాను. కోపమొచ్చింది. రోజుకూలీ గురించి మాట్లాడాల్సిన చోట రాణుల కథలా అని. అక్కడే అన్నాను కూడా.

"కూలి సంగతి మేము మాట్టాడుకున్నాంలే బాబూ," అంది రత్తమ్మ తలెత్తకుండా. "ఆవిడికి మొగుడు ఏవన్నా రాసిచ్చాడా టీచరమ్మా?"

"జీవనానికి ఒక కోట రాశాడంట. ఏ కోటో లేదు పుస్తకంలో."

"కోటుంటే బావగార్లు బతకనిస్తారా? మా చిన్నమ్మకి అరెకరం ఉంటేనే బతకనీలేదు."

ఇంకొకామె తుమ్ముతూనే, "పుట్టింటోళ్ళు తీసకపోయుంటారు," అంది. "తీసకపోయినా ఎన్నాళ్ళు చూస్తారే, వదిన రానిస్తదా," అని మరొకామె. వాళ్ళు ఆ మార్గరెట్ గురించి పక్క వీధి మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడారు. నేను ఆ మాటలు వినలేదు. నా వాక్యం ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి మళ్ళీ అందుకోవాలని చూస్తున్నాను.

నేను ఆఖరుసారి వెళ్ళింది ఈ ఏడు మిరపకోతలప్పుడు. పురుగుమందు తాగి పోయిన ఒక కౌలు రైతు ఇంట్లో గంటసేపు కూర్చుని, అటునుంచి అటే వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. టీచరుగారు పట్టీ ఒళ్ళోకి తీసుకుని కుర్చీ చూపించారు. మజ్జిగ ఇచ్చారు.

"ఒరేయ్, నీ ఫోన్లో మా పదిహేడో నంబరుని ఒకసారి చూసిపెట్టు. కొట్టాయన్ని అడిగితే ఆ డచీ పేరు కొట్టడం తన వల్ల కాదన్నాడు. నీకు ఐదు నిమిషాల పని."

"టీచర్, నేను చావింటి నుంచి వస్తున్నా. రైతు పోయాడు. రేపు పేపర్లో ఆయన పేరన్నా పడుతుంది. ఆయన భార్య పేరు ఎవడు రాస్తాడు? మీ పట్టీలో ఉందా ఆవిడకి చోటు?"

"లేదు. ఆవిడ పేరేంటి?"

నేను ఆయన పేరు చెప్పాను.

"ఆయన పేరు చెప్పావులే. ఆవిడ పేరు?"

నాకు తెలీదు.

"గంట కూర్చున్నానన్నావు. మంచినీళ్ళు ఎవరిచ్చారు?"

"ఆవిడే."

ఆమె గెలిచానన్న మొహం పెట్టలేదు. నా చేతిలోంచి మజ్జిగ గ్లాసు తీసుకుని, "మరి నా మీద అరుస్తావేంట్రా? నాకు వీళ్ళ పేర్లన్నా వచ్చు," అన్నారు, నెమ్మదిగా.

లేచాను. పనుందన్నాను.

"ఐదు నిమిషాలు."

"మళ్ళీ వచ్చినప్పుడు చూస్తా టీచర్."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

అప్పటికి నేను మెట్లు దిగుతున్నాను. వినపడింది. వినపడనట్టే దిగాను. ఆమె అడిగింది ఆ దొరసాని కోసమా, నేను కాసేపు కూర్చుంటానన్న ఆశతోనా, ఇప్పుడు ఎవర్ని అడగను? పోయే నాటికి మిరప నారు నాటేశారు. పత్తి పూతకొచ్చింది. అన్ని నెలల్లో ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఎప్పుడూ ఏదో ఒక సభకి టైమైపోతుండేది.

పదకొండో రోజున వెళ్ళాను. నాకు కర్మలంటే నమ్మకం లేదు, అయినా వెళ్ళాను. కొట్టు ముందు ఫ్లెక్సీ కట్టారు. ఆమె అత్తింటి తాలూకు ఎవరో దూరపువాళ్ళు వేయించారట. ఫలానా వారి ధర్మపత్ని అని పెద్ద అక్షరాల్లో భర్త పేరు, కింద చిన్నగా ఆమె పేరు. చీమ తలకాయంత. పక్కపక్కన రెండు ఫొటోలు. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలావిడ, ఇరవై మూడేళ్ళ కుర్రాడు. తెలీనివాళ్ళెవరైనా చూస్తే ఒకేసారి పోయిన నాయనమ్మా మనవడూ అనుకుంటారు.

"ఇదేంటండీ?" అన్నాను వాళ్ళలో పెద్దాయనతో. "రెండేళ్ళ కాపురం. యాభై ఏళ్ళ పైన ఆవిడొక్కతే బతికింది. ఊళ్ళో వేలమందికి చదువు చెప్పింది. టీచరన్న మాట ఒక్కటి లేదు ఇందులో."

"భర్త కదండీ," అన్నాడాయన. ఆయన మర్యాదగానే అన్నాడు. ఆయన తప్పూ కాదు. ఆ ఫ్లెక్సీని ఆయన కనిపెట్టలేదు. కానీ కనిపెట్టినవాడెవడో దొరక్క నేను ఆయన మీదే అరిచాను. భోజనాల దగ్గర అందరూ నావంక చూశారు.

కొట్టాయన నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "ఇది మీరు పట్టుకుపోండి. వాళ్ళు పాత కాగితాలకి వేసేట్టున్నారు," అని పట్టీ చేతికిచ్చాడు. వేటపాలెంలో పొట్లాలకి పోబోతూ దొరికిన దొరసానులు మళ్ళీ అక్కడికే పోబోతున్నారు.

కొట్టు వెనక ఖాళీ జాగాలో కూర్చున్నాను. రత్తమ్మ వచ్చి కాస్త దూరంగా నేల మీద కూర్చుంది. కుర్చీలో కూర్చోమంటే వద్దంది. ఫోను తీశాను. పట్టీలో టీచరుగారి గుండ్రటి అక్షరాల్లోంచి ఆ డచీ పేరు ఒక్కొక్క అక్షరమే చూసి కొట్టాను.

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

మార్గరెట్ ఏ గదిలోనూ కూర్చోలేదు. భర్త పోయాక డ్యూకు పదవి అతని పినతండ్రి కొడుక్కి వచ్చింది. ఆ కొత్త డ్యూకు భార్య పద్దెనిమిదో వరస. ఆమె పురిట్లో పోయింది. తర్వాత అతను మార్గరెట్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె రెండోసారి డచెస్ అయింది. నలుగురు పిల్లల్ని కన్నది. డెబ్బై దాటి బతికింది. ముసలితనంలో ఒక పచ్చికబీడు కోసం సొంత కొడుకుతోనే తగాదాపడింది. మొదటి భర్త రాసిచ్చిన కోట ఉందే, ఆ కోటున్న ఊరి పేరు ముందు పెట్టుకుని రెండోసారి ఆ వంశావళిలోకి ఎక్కింది. పంతొమ్మిదో వరసలో పుట్టుక లేని మార్గరెట్ ఈవిడే. ఒకరికి చావు లేదు, ఒకరికి పుట్టుక లేదు. ఇద్దరూ ఒకరే.

టీచరుగారు ఆ కోట ఊరి పేరుని పుట్టింటి ఇంటిపేరు అనుకున్నారు. మనలో ఎవరమైనా అలాగే అనుకుంటాం. మన ఇంటిపేర్లు సగం ఊళ్ళ పేర్లేగా. కానీ అసలు సంగతి అది కాదు. ఇద్దరూ ఒకరేనని సర్కారు సంతకం పెట్టిన కాగితాన్ని మొదటి పేజీకి అంటించుకున్న మనిషి, అదే పట్టీలో రెండు వరసల కింద ఆ మనిషే ఉందని చూడలేకపోయారు. ఆమెకి తెలివి తక్కువై కాదు. ఇరవై ఒక్క ఏళ్ళకి మొగుడు పోయిన ఆడమనిషి మళ్ళీ పెళ్ళి చేసుకుని ఉంటుందన్నది ఆమె ఊహలోకే రాలేదు. గది ఊహకి వచ్చింది. ఆ ఊహని ఆమెకి నేర్పింది ఎవరు? మనమే. ఇన్నేళ్ళుగా ఆ గది బయట మైకు పెట్టుకుని అరిచినవాణ్ణి నేను. లోపలికి వెళ్ళి ఈ ఒక్క మాట చెప్పలేదు.

రత్తమ్మకి చెప్పాను. ఆమె విన్నదంతా విని, కొంగు సర్దుకుంది.

"అయితే కోట పోగొట్టుకోలేదన్నమాట."

"లేదు."

"మళ్ళీ పెళ్ళాడిందా." పట్టీ వంక చూసింది. "టీచరమ్మ ఉండగా ఈ మాట చెప్తే ఏం పోయింది బాబూ? ఏటా మిరప్పళ్ళ కాడ ఆ పిల్ల కోసం బాధపడతానే ఉండె."

ఫోను జేబులో పెట్టుకుని, పట్టీ పట్టుకుని లేచాను.

ఆ కౌలు రైతు ఇంటికి మళ్ళీ వెళ్ళాను. ఆయన భార్య పేరు ఇప్పుడు నాకు తెలుసు, పుట్టింటి ఇంటిపేరుతో సహా. ఇక్కడ రాయవచ్చా అని ఆమెని అడగలేదు కాబట్టి రాయడం లేదు. టీచరుగారి పేరూ రాయడం లేదు. ఏ ఇంటిపేరుతో రాయాలో ఆమె ఉండగా అడిగి తెలుసుకోలేదు. ఫ్లెక్సీలో ఉన్న పేరు నాకు రాయబుద్ధి కాలేదు.

పట్టీలో చుక్కలు చెరపలేదు. చెరిపితే పట్టీ అబద్ధమవుతుందని ఆమే చెప్పారు. పదిహేడో వరసలో చుక్క పక్కన, ఆమె అప్పట్లో నాకు రాసినట్టే, చిన్నగా 'ఉంది' అని రాశాను. బెంచీ మారి కూర్చుంది, అంతే.

మా ఇంట్లోనూ కుర్చీలు రెండే. రెండోదాని మీద ఇప్పుడు పట్టీ ఉంటోంది. ఎవరైనా వస్తే తీసి ఒళ్ళో పెట్టుకుందామని చూస్తున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడినప్పుడల్లా చెయ్యి దాని మీదకి పోతుంది. చప్పుడు పై వాటా దాకా వెళ్ళిపోతుంది.